ఓర్పు పందెము

మన తెలుగులో "నిదానమే ప్రధానం" అని ఒక సామెత ఉన్నది. "ఆలస్యం అమృతం విషం" అని ఇంకొకటి ఉన్నది. రెండూ పెద్దలు చెప్పినవే. ఫైలు తొందరగా కదలాలనుకొన్నవాడు రెండవదానిని, కదల్చనక్కరలేదనుకొన్నవాడు మొదటిదానిని చెప్పడం ఆఫీసు జీవితంలో మేము ఇరువది ఏండ్లుగా చూస్తున్నదే. తరాల క్రితం ఈ కొంగునాటికి వచ్చి, ఇంట తెలుగు, వీధిని అరవము మాట్లాడుకొంటూ బ్రతుకుతున్న మనవాళ్ళకు మూడవది కూడ అబ్బినది. "పొఱుత్తార్ బూమి ఆళ్వార్" అని ఇక్కడివారంటారు. ఓర్చినవాడే భూమిని ఏలునని దాని తాత్పర్యం.

ఓర్పు అనగానే మనకు అత్తగారింటి కోడలో, పెన్షను కోసం తిరిగే ముసలాయనో జ్ఞప్తికి వస్తారు గాని, గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే మోటారుకారు జ్ఞప్తికి రాదు. అయినా మోటారు పందెములలో ఒక జాతికి పేరే ఓర్పు మీద వచ్చినది. ఆ పందెములలో నిండా మూడేండ్లు కూడ నిలువకుండానే ప్రపంచ విజేతయై, ఇరువది ఏడేండ్లకే పోయిన ఒక జర్మను యువకుని కథ చెప్పదలచినాము. అతని పేరు స్టెఫాన్ బెలోఫ్.

ముందుగా పందెమంటే ఏమిటో చెప్పవలసి ఉన్నది. పత్రికలలో తరచు కనిపించే ఫార్ములా వన్ పందెం ఒంటి సీటు కార్లది. రెండు గంటలలో తేలిపోతుంది. మేము చెప్పేది వేరు. ఇది ఆరు గంటలో, వేయి కిలోమీటర్లో, లేక ఫ్రాన్సు దేశపు లెమాన్స్‌లో 1923లో మొదలైన పందెమువలె ఇరువది నాలుగు గంటలో సాగుతుంది. కారు ఒకటే, నడిపేవారు ఇద్దరు, ఒక్కొక్కప్పుడు ముగ్గురు. ఒకడు గంటసేపు నడిపి, పెట్రోలు పోయించుకొనే చోటికి వచ్చి, చెమటతో తడిసిన సీటును రెండవవానికి అప్పగించి దిగిపోవాలి. కారు చెడగొట్టకుండా అప్పగించడం మొదటివాని పని. చెడగొట్టకుండా తిరిగి ఇవ్వడం రెండవవాని పని. గెలిస్తే ఇద్దరూ గెలుస్తారు. ఓడినా ఇద్దరూ ఓడుతారు. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

1982లో దీనికి ఇంకొక కట్టుబాటు వచ్చినది. గ్రూప్ సి అనే తరగతి కార్లకు వేయి కిలోమీటర్ల పందెానికి ఆరు వందల లీటర్ల పెట్రోలు మాత్రమే ఇచ్చేవారు. కారు టాంకులో నూరు లీటర్లకు మించి పట్టకూడదనేవారు. ఇంజను ఎంత పెద్దదైనా పెట్టుకో, ఎంత వేగంగానైనా పో, కాని ఇచ్చిన రేషనుతో గమ్యం చేరు అన్నారు. "కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి" అన్న మన సామెతను ఆ నియమం వ్రాసినవారు విని ఉండరు గాని, వారు కోరినది సరిగా అదే. మేము లెక్క వేసి చూసినాము. లీటరుకు కిలోమీటరు, దాని మీద ఇంకొక మూడింట రెండు వంతులు వస్తుంది. 1985లో ఆ రేషనును కూడ తగ్గించి 510 లీటర్లు చేసినారు. నెల జీతంతో నెలాఖరు వరకు సంసారం లాగే గృహిణి తెలివి ఇందులో గెలిచేవానికి ఉండాలన్న మాట.

బెలోఫ్ 1957 నవంబరు 20న జర్మనీలోని గీసెన్ అనే ఊరిలో పుట్టినాడు. చిన్న కార్టుబండ్లతో మొదలుపెట్టి, 1982లో ఫార్ములా టూ అనే తరగతికి వచ్చినాడు. ఆ తరగతిలో మొదటి పందెం ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో గెలిచినాడు; రెండవది హాకెన్‌హైమ్‌లో గెలిచినాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు మొదటి వారంలో ఆఫీసరు కుర్చీలో కూర్చొన్నట్లున్నది. మరుసటి ఏడు పోర్షె కంపెనీ తన సొంత జట్టులోకి తీసికొన్నది. అక్కడ అతనికి జంటగా ఇచ్చినది ఇంగ్లండుకు చెందిన డెరెక్ బెల్‌ను. బెల్ అప్పటికి నలుబదియొక్క ఏండ్లవాడు, లెమాన్స్ మూడుసార్లు గెలిచినవాడు. బెలోఫ్‌కు ఇరువదియైదు. 1983 మే నెలలో సిల్వర్‌స్టోన్‌లో ఇద్దరూ కలిసి గెలిచినారు.

ఆ కారు పేరు పోర్షె 956. వెనుక ఆరు సిలిండర్ల టర్బో ఇంజను. ఆరు వందల గుర్రాల బలానికి పైమాట. కారు అడుగుభాగాన్ని ఎట్లా మలచినారంటే, వేగం పెరిగేకొద్దీ క్రింది గాలి కారును నేలకు అదిమి పట్టుతుంది. అందుచేత మలుపులో మెల్లగా పోయినవానికి కారు జారుతుంది. వేగంగా పోయినవానికి అంటుకొని నిలుస్తుంది. ఇది మామూలు బుద్ధికి తలక్రిందుల న్యాయం. ధైర్యం చేసినవానికే భద్రత. ఈ న్యాయం బెలోఫ్‌కు పుట్టుకతో వచ్చినట్లు పట్టుబడినది.

ఇక నూర్‌బుర్గ్‌రింగ్. జర్మనీలోని అడవికొండల నడుమ 1927లో వేసిన పందెపు బాట అది. ఒక చుట్టు 20.832 కిలోమీటర్లు. డెబ్బైకి పైగా మలుపులు, ఎక్కుడు, దిగుడు, కొన్ని గుట్టల మీద కార్లు నేలవిడిచి లేస్తవి. 1976లో ఆస్ట్రియాకు చెందిన నికీ లౌడా అక్కడ మంటలలో చిక్కి చావు తప్పించుకొన్న తరువాత ఫార్ములా వన్ వారు ఆ బాటను విడిచిపెట్టినారు. ఓర్పు పందెమువారు మాత్రం 1983 వరకు వస్తూనే ఉన్నారు. అదే కడసారి. ప్రక్కన కొత్త, చిన్న బాట వేస్తూ ఉన్నారు.

1983 మే 28న, పందెంలో ఎవరు ఏ వరుసలో నిలవాలో తేల్చే పరుగులో, బెలోఫ్ ఆ చుట్టును 6 నిమిషాల 11.13 సెకన్లలో ముగించినాడు. సరాసరి వేగం గంటకు 202 కిలోమీటర్లు. ఆ బాట మీద అంతకు ముందు ఎవరూ సరాసరి రెండు వందలు దాటి పోలేదు. రెండవ స్థానంలో నిలిచినది అదే కంపెనీ కారు, ఎంతో అనుభవశాలి అయిన యోఖెన్ మాస్ నడిపినది. అతను ఐదు సెకన్లకు పైగా వెనుకబడినాడు. మేము కాగితం తీసికొని భాగించినాము. సెకనుకు యాబదియారు మీటర్లు. రెప్ప వేసి తెరిచేలోపల మా ఆఫీసు హాలు ఈ చివరి నుండి ఆ చివరికి దాటిపోయినాడన్న మాట. అది కూడ కొండదారిలో, ఆరు నిమిషాలపాటు.

ఆ అంకె ముప్పదియైదు ఏండ్లు చెక్కుచెదరలేదు. 2018 జూన్ 29న టిమో బెర్న్‌హార్డ్ అదే కంపెనీ కొత్త కారుతో 5 నిమిషాల 19.546 సెకన్లలో పోయినాడు. అయితే ఆ కారును పందెపు నియమాలనుండి విడిపించి, అందుకోసమే సిద్ధం చేసినారు. బాట మీద వేరే పోటీదారు లేడు. బెలోఫ్ చుట్టు మాత్రం మరునాడు పందెం నడవబోయే కారుతో చేసినది.

ఆ మరునాడు ఏమైనదో కూడ చెప్పాలి. పందెంలో అతడు అందరికంటె ముందు పోతున్నాడు. వెనుకవానికి, తనకు మంచి ఎడం ఉన్నది. ఆ రోజున 6 నిమిషాల 25.91 సెకన్లలో ఇంకొక చుట్టు చుట్టినాడు. ఆ బాట మీద పందెం నడుస్తుండగా చేసిన చుట్లలో అదే మేటి. తగ్గించుకొన్నా గెలిచేవాడే. తగ్గించలేదు. ఫ్లాన్జ్‌గార్టెన్ అనే గుట్ట వద్ద కారు గాలిలోకి లేచి, తుక్కుతుక్కైనది. తనకు దెబ్బ తగలలేదు. జంటగాడైన బెల్ తన వంతు నడపవలసిన కారు ఇక లేదు. పందెం గెలిచినవారు అదే కంపెనీకి చెందిన రెండవ కారులోని మాస్, జాకీ ఇక్స్. ఆ స్థలానికి దగ్గరలోని జంట మలుపునకు 2013లో బెలోఫ్ పేరు పెట్టినారు.

ఈ ఇక్స్ అనే ఆయనను చదువరులు గుర్తుంచుకోవాలి. బెల్జియం దేశస్థుడు. లెమాన్స్ ఆరుసార్లు గెలిచినవాడు. 1969 వరకు లెమాన్స్‌లో ఒక ఆచారం ఉండేది. కార్లు బాటకు ఒక ప్రక్కన, నడిపేవారు రెండవ ప్రక్కన నిలిచేవారు. జెండా ఊపగానే పరుగెత్తుకొని పోయి కారులో దూకి బయలుదేరాలి. నడుముకు బెల్టు కట్టుకొనడానికి ఎవరికీ తీరిక ఉండదు. దారిలో కట్టుకొందామని, లేక తరువాత చూతామని పోయేవారు. 1969లో ఇరువదినాలుగేండ్ల ఇక్స్ పరుగెత్తలేదు. అందరూ పోయిన తరువాత నడుచుకొంటూ కారు వద్దకు వెళ్ళి, కూర్చొని, బెల్టు బిగించుకొని, అందరికంటె కడపట బయలుదేరినాడు. ఆ మొదటి చుట్టులోనే జాన్ వుల్ఫ్ అనే ఇంగ్లండు ఆయన కారు దొర్లి మరణించినాడు. ఇరువది నాలుగు గంటల తరువాత గెలిచినది ఇక్స్. రెండవవానికి, అతనికి ఎడం నూట ఇరువది మీటర్లు. ఆ తరువాత ఆ పరుగు ఆచారాన్ని ఎత్తివేసినారు.

మెల్లగా నడిచినవాడు నూట ఇరువది మీటర్ల తేడాతో గెలవడంలో ఒక నీతి ఉన్నది గాని, దాన్ని తప్పుగా చదువుకోరాదు. ఆ చివరి గంటలలో ఇక్స్ హాన్స్ హెర్మాన్ అనేవానితో చుట్టు చుట్టుకూ ప్రాణాలొడ్డి పోరాడినాడు. ఓర్పంటే నెమ్మదితనం కాదు. ఎక్కడ తగ్గవలెనో ముందే తేల్చుకొని ఉండడం.

మేము ఈ సంగతులన్నీ ఎందుకు పోగుచేసినామో ఇప్పుడు చెప్పుతాము. మా అక్క కొడుకు పదునేడేండ్లవాడు, పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. మా కోయంబత్తూరు ఊరికి మోటారు పందెముల పిచ్చి కొత్తది కాదు. ఇక్కడి కరివర్ధన్ గారు మారుతి ఇంజన్లతో పందెపు కార్లు కట్టించి కుర్రవాళ్ళకు దారి చూపినారు. 1995లో విమాన ప్రమాదంలో పోయినారు. చెట్టిపాళెంలో 2003లో వచ్చిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టినారు. మా మేనల్లుడు సెలవు దొరికితే అక్కడ గోడ ప్రక్కన ఉంటాడు. రెండేండ్లుగా కార్టుబండ్లు తోలుతున్నాడు. బాగానే తోలుతాడని తెలిసినవారన్నారు.

మా బంధువర్గంలో ఏ దరఖాస్తు వచ్చినా నింపేది మేము. రేషను కార్డు మొదలు పాస్‌పోర్టు వరకు మా చేతివ్రాత మీద నుండి పోయినవే. ఒక ఆదివారం మేనల్లుడు ఒక దరఖాస్తు తెచ్చినాడు. పెద్ద కార్ల శిక్షణకు చేరడానికట. పేరు, వయస్సు, రక్తపు గుంపు, చివర సంరక్షకుల సంతకం.

"మామయ్యా, అన్నీ నువ్వే నింపు. అమ్మ చేత సంతకం కూడ నువ్వే పెట్టించాలి" అన్నాడు.

"మీ అమ్మ ఒప్పుకొంటుందా?"

"నేనడిగితే ఒప్పుకోదు. నువ్వు చెప్తే వింటుంది. ఇది చూడు" అని చేతిఫోనులో బెలోఫ్ కారును చూపినాడు. "ముప్పదియైదేండ్లు ఒక్కడూ కొట్టలేకపోయినాడు మామయ్యా!"

వాడి ముఖంలోని వెలుగు చూచి మాకు ముచ్చట వేసినది. ఆ తరువాత ఆ మనిషి ఏమైనాడని అడిగినాము. వాడు కొంచెం తగ్గి, "పోయినాడు" అన్నాడు. ఆ "పోయినాడు" ఎట్లాగో తెలిసికొనే వరకు దరఖాస్తు నింపరాదనుకొన్నాము. సంగతులు పోగుచేయడం అప్పుడు మొదలైనది.

1984 బెలోఫ్ జీవితంలో నిండు పున్నమి. ఇటలీలోని మోంజాలో, నూర్‌బుర్గ్‌రింగ్ కొత్త బాట మీద, బెల్జియంలోని స్పాలో, ఇటలీలోనే ఇమోలాలో, జపానులోని ఫూజీలో, ఆస్ట్రేలియాలోని సాండౌన్‌లో గెలిచి, ప్రపంచ ఓర్పు పందెముల విజేత అయినాడు. 1982లోను, 1983లోను ఆ బిరుదు ఇక్స్‌ది. ఇప్పుడు ఇరువదియేడేండ్ల కుర్రవాని చేతికి వచ్చినది.

అదే ఏడు టిరెల్ అనే ఇంగ్లీషు జట్టులో ఫార్ములా వన్‌కూ పోయినాడు. జూన్ 3న మొనాకోలో కుండపోత వాన. వరుసలో ఇరువదవవాడుగా, అనగా అందరికంటె కడపట, బయలుదేరినాడు. మిగిలిన అందరి కార్లకు టర్బో ఇంజన్లు. ఇతనిది ఒక్కటే పాతరకం, తక్కువ బలం కలది. ఆ వానలో ఒక్కొక్కరినీ దాటి మూడవవాడైనాడు. ముందు ప్రోస్ట్, సెన్నా ఇద్దరే ఉన్నారు. అంతలో పందెాన్ని ఆపివేసినారు. ఆపినవాడెవరనుకొన్నారు? ఆ రోజు పందెం నిర్వహించే అధికారి జాకీ ఇక్స్! ఇంకొంచెం సాగనిచ్చి ఉంటే సెన్నా గెలిచేవాడని కొందరు, బెలోఫ్ గెలిచేవాడని కొందరు ఇక్స్‌ను దుమ్మెత్తి పోసినారు. నీళ్ళలో గోడకు కొట్టుకొనకుండా ఆనాడు ఇంటికి చేరినవారి లెక్క మాత్రం ఎవరూ వేయలేదు. తరువాత టిరెల్ జట్టు నియమాలు తప్పినదని ఆ ఏటి ఫలితాలన్నీ కొట్టివేసినారు. బెలోఫ్ మూడవ స్థానం కూడ అందులో పోయినది. ఫార్ములా వన్‌లో అతనికి మిగిలినవి ఇరువది పందెములు, 1985లో వచ్చిన నాలుగు పాయింట్లు.

1985లో ఓర్పు పందెములకు బ్రూన్ అనే స్విట్జర్లాండు జట్టు తరపున వచ్చినాడు. కారు మాత్రం ఆ పోర్షె 956 రకమే. ఆ కారులో ఒక లోపం ఉన్నది. నడిపేవాని పాదాలు ముందు చక్రాల ఇరుసుకంటె ముందుకు ఉంటవి. ఎదురు దెబ్బ తగిలితే మొదట తాకేది పాదాలకే. అమెరికాలోని పందెపు సంఘంవారు ఇందుకే ఆ కారును తమ దేశంలో ఒప్పుకోలేదు. వారి కోసం పోర్షెవారు ముందు చక్రాలను నూట ఇరువది మిల్లీమీటర్లు ముందుకు జరిపి 962 అనే కారు కట్టినారు. మా స్కేలుతో కొలిస్తే జానెడు కూడ లేదు. 1985లో పోర్షె కంపెనీ జట్టు ఆ కొత్త కారుకు మారినది. డబ్బిచ్చి కొనుక్కొనే జట్లలో పాతవి ఇంకా తిరుగుతూ ఉన్నవి. కొత్త కారయితే బ్రతికించేదని మేమనడం లేదు. ఆ ఏడు ఆగస్టు 11న కెనడాలోని మోస్‌పోర్ట్‌లో మాన్‌ఫ్రెడ్ వింకెల్‌హాక్ అనే జర్మను ఆయన 962లోనే గోడకు కొట్టుకొని మరునాడు చనిపోయినాడు. ఆయన పోయి మూడు వారాలు కాలేదు.

సెప్టెంబరు 1న స్పాలో వేయి కిలోమీటర్ల పందెం. ముందటి ఏడు బెల్‌తో కలిసి బెలోఫ్ గెలిచిన చోటే. అక్కడ ఓ రూజ్ అనే మలుపు ఉన్నది. ఆ పేరుకు ఎర్రనీరని అర్థం. క్రింద పారే సెలయేటి పేరు అది. బాట లోయలోకి దిగి, ఎడమకు, కుడికి తిరిగి, నిట్టనిలువుగా మిట్ట ఎక్కుతుంది. అక్కడ రెండు కార్లు ప్రక్కప్రక్కన పట్టవని అందరికీ తెలుసు. జంటగాడైన బెల్జియం యువకుడు థియెరీ బూట్సెన్ కారును అప్పగించి దిగినాడు. బెలోఫ్ ముందున్నది కంపెనీవారి 962. అందులో ఉన్నది ఇక్స్. లోయలోకి దిగుతూ బెలోఫ్ ఎడమ ప్రక్కకు వచ్చినాడు. ఇక్స్ తన దారిన మలుపు తీసినాడు. రెండు కార్లూ తగిలినవి. ఇక్స్ కారు తిరిగి వెనుకభాగంతో కొట్టుకొన్నది. ఆయన దిగి వచ్చినాడు. బెలోఫ్ కారు ఎదురుగా పోయి రక్షణగోడకు కొట్టుకొన్నది. అతడు బ్రతకలేదు. ఆ ఏటితో ఇక్స్ అటువంటి బాట పందెముల నుండి తప్పుకొన్నాడు.

తప్పెవరిది అని అప్పటి నుండి వాదం నడుస్తూనే ఉన్నది. పట్టని చోట దూరినాడని కొందరు. ప్రక్కన కారుండగా మలుపు తీసినాడని కొందరు. మా పని ఆ తీర్పు చెప్పడం కాదు. మాకు కలిగిన ఆలోచన వేరు. మే 28న ఏ కాలు పెడలు మీద నుండి లేవలేదో, అదే కాలు సెప్టెంబరు 1న కూడ లేవలేదు. మొదటి దానిని అద్భుతమన్నాము. రెండవదానిని తొందరపాటన్నాము. ఈ రెంటి నడుమ ముప్పై నెలలైనా లేవు. మే 29న కారు తుక్కు చేసికొని బయటికి వచ్చినప్పుడు, అతడి వేగాన్ని పొగిడినవారే అందరూ. ఎడం ఉండగా తగ్గించి, కారు జంటగానికి అప్పగించి ఉంటే చప్పట్లు కొట్టి ఉందురా? మొనాకోలో ఆపినవానిని తిట్టిన లోకం కొట్టి ఉండదు. 6 నిమిషాల 11.13 సెకన్లకు అంకె ఉన్నది. తగ్గించుకొన్న కాలికి అంకె లేదు. ఏ రిజిస్టరులోనూ దానికి గడి లేదు.

ఈ మాటలన్నీ కూర్చుకొని, దరఖాస్తు కాగితంతో మేము అక్క ఇంటికి పోయినాము. మా బావ పోయి తొమ్మిదేండ్లు. పల్లడం రోడ్డులో మోటారుసైకిలు మీద వస్తుండగా లారీ తగిలినది. ఆయన జన్మలో నలుబది దాటి తోలినవాడు కాదు.

అక్క అంతా విన్నది. కాగితం ముట్టుకోలేదు.

"మీ బావ నెమ్మదిగానే పోయినాడు తమ్ముడూ. అయినా రాలేదు. ఇక వేగంగా పోయేవాణ్ణి నేనెట్లా పంపేది?" అన్నది.

దీనికి మా వద్ద జవాబు లేదు. రోడ్డు మీద ఎదురు బండ్లు వస్తవని, పందెపు బాట మీద రావని, తలకు కవచం, ఒంటికి ఆరు పట్టీల బెల్టు, మంటలంటని బట్టలు ఉంటవని, ఆనాటి లోహపు కార్ల స్థానంలో ఇప్పుడు కార్బను గూళ్ళు వచ్చినవని చెప్పినాము. అవన్నీ నిజాలే. నిజాలు చెప్పినంత మాత్రాన తల్లి కడుపులో భయం పోదు.

కొంతసేపటికి అక్క ఒక ప్రశ్న అడిగినది. "ఆ రెండో అబ్బాయి ఏమైనాడు? బండి ఇచ్చి దిగినవాడు?"

మాకు ఆశ్చర్యమైనది. ఇన్ని దినాలుగా ఈ కథ త్రవ్వుతూ మేము బెలోఫ్‌ను చూచినాము, ఇక్స్‌ను చూచినాము. గారేజీ వద్ద కారు తిరిగి వస్తుందని నిలుచున్న బూట్సెన్‌ను చూడలేదు. అక్క తొమ్మిదేండ్లుగా అక్కడ నిలుచున్నది కనుక ఆమెకు అతడే కనిపించినాడు. బూట్సెన్ తరువాత చాలాకాలం నడిపినాడనీ, 1989లోను 1990లోను మూడు ఫార్ములా వన్ పందెములు గెలిచినాడనీ చెప్పినాము. "మంచిది" అన్నది.

తరువాత కొడుకును పిలిచి, "ఒరే, నువ్వు ముందర పోతా ఉంటే, నీ వంతు అయిపోతే, దిగి బండి ఇంకొకడికి ఇచ్చేదానికి నీకు మనసొస్తుందా?" అన్నది.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. వెంటనే "వస్తుంది" అన్నట్లయితే ఆమె సంతకం చేసేది కాదేమో. చాలాసేపు నేల చూచి, "నేర్చుకొంటానమ్మా" అన్నాడు. అక్క ఎవరి ముఖమూ చూడకుండా సంతకం చేసినది. ఆ నెల నుండి ప్రతి ఆదివారం మేము వాడి వెంట పోతున్నాము. అది ఆమె పెట్టిన షరతు.

చదువరులలో ఇటువంటి పిల్లలున్న ఇండ్లు కొన్నైనా ఉంటవి. కారు కాకపోతే మోటారుసైకిలు, అదీ కాకపోతే పరీక్షలో మార్కులు, వ్యాపారంలో అప్పు. పరుగు అన్నిచోట్లా ఒక్కటే. పిల్లవాడు మొదటివాడుగా వచ్చిన రోజున మనమందరమూ మిఠాయి పంచుతాము. పట్టని చోట దూరకుండా కాలు వెనుకకు తీసికొని, రెండవవాడుగా ఇంటికి వచ్చిన రోజున కూడ ఒకరైనా ఆ సంగతి గుర్తించి భుజం తట్టాలని మా మనవి. మొన్న ఆదివారం మా మేనల్లుడు అట్లా ఒకసారి తగ్గినాడు. గోడ ప్రక్కన చప్పట్లు కొట్టినది మేమొక్కరమే. చుట్టుప్రక్కలవారు మమ్ము వింతగా చూచినారు.